ఊరి గుట్టకు క్వారీ వస్తుంటే: ఈఐఏ నివేదిక చదవడం నుంచి ఆరు నెలల లెక్కలు అడగడం దాకా

క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ అని నోటీసు పడగానే చాలా ఊళ్లలో జరిగేది ఒకటే. ముందురోజు రాత్రి రచ్చబండ దగ్గర కూడతారు, మర్నాడు షామియానా కింద గట్టిగా "వద్దు" అని చెప్పి ఇంటికొస్తారు. కొన్ని నెలలకు అనుమతి వచ్చేస్తుంది. అనుమతికి సిఫారసు చేసే నిపుణుల కమిటీ ఊరికి రాదు, కాగితాలే చూస్తుంది. "వద్దు" అన్న మాటకు కంపెనీ ఒక వాక్యంలో జవాబు రాసి తప్పుకోవచ్చు. "మీ పటంలో మా కుంట లేదు, లీజు హద్దు నుంచి అది 280 మీటర్లే" అన్న మాటకు అంత తేలిగ్గా కుదరదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గ్రానైట్, కంకర క్వారీల దగ్గర ఉండే ఊళ్లను దృష్టిలో పెట్టుకొని రాసింది ఇది. ఆధారం 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్, దానికి తర్వాత వచ్చిన సవరణలు. సిమెంటు, స్పాంజ్ ఐరన్ లాంటి వాటికీ క్రమం ఇదే, చూడాల్సిన అంకెలు వేరు.

1. అసలు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలా?

అన్ని క్వారీలకూ జరగదు. చిన్న ఖనిజాల్లో (గ్రానైట్, కంకర లాంటివి) 5 హెక్టార్ల లోపు (సుమారు 12.35 ఎకరాలు) విడి లీజు బీ2 కేటగిరీలోకి వెళ్తుంది. దానికి ఈఐఏ నివేదికా ఉండదు, సభా ఉండదు.

మెలిక క్లస్టర్‌లో ఉంది. ఒక లీజు హద్దు నుంచి 500 మీటర్లలోపు అదే రకం రాయి తీసే ఇతర లీజులుంటే అన్నీ కలిపి లెక్కేయాలి. నాలుగేసి హెక్టార్ల లీజులు మూడు పక్కపక్కన ఉంటే 12 హెక్టార్లు. అప్పుడు ఈఐఏ, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ తప్పనిసరి. మూడేళ్లకు పైగా పని ఆగిన లీజులు, 2016 జనవరి 15 నాటికే పర్యావరణ అనుమతి ఉన్న లీజులు ఈ విస్తీర్ణంలోకి రావు. పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో మాత్రం వాటిని చేర్చాలి.

ఎలా చూడాలంటే, దరఖాస్తులో ఉన్న హద్దు బిందువుల అక్షాంశ రేఖాంశాలను గూగుల్ ఎర్త్‌లో పెట్టండి. గుట్ట మధ్య నుంచి కాదు, హద్దు నుంచి కొలవండి.

క్రషర్ ఒక్కటే పెడుతుంటే దానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదు. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే స్థాపన సమ్మతి, నిర్వహణ సమ్మతి చాలు. దాని మీద ఫిర్యాదు వెళ్లాల్సిన చోటు కూడా అదే. ఈ తేడా తెలియక ఏడాదంతా తప్పు ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లున్నారు.

ఏజెన్సీ గ్రామాలకు దారి వేరే ఉంది. ఐదో షెడ్యూలు ప్రాంతంలో చిన్న ఖనిజాల లీజుకు ముందే గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు ఉండాలని పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) చెబుతోంది. గిరిజనేతరులకు లీజులు చెల్లవని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. అక్కడ మొదట అడగాల్సినది ఈఐఏ కాదు, ఆ సిఫారసు కాగితం.

2. నోటీసు చూసిన రోజే చేయాల్సినవి

సభ తేదీకి కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత పంచాయతీలో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఎవరైనా చూసేలా ఉండాలి.

- ప్రకటన వచ్చిన పత్రిక మొత్తం పేజీ దాచండి. తేదీ కనబడాలి.
- ప్రకటనకూ సభకూ మధ్య 30 రోజులు లేకపోతే అదే రోజు కలెక్టర్‌కు, మండలికి లేఖ ఇచ్చి ముద్ర వేయించుకోండి. సభలో లేవనెత్తుదాం అని ఆగితే ఆ మాట బలం తగ్గుతుంది.
- పంచాయతీ ఆఫీసులో నివేదిక లేకపోతే "ఫలానా తేదీన అడిగాం, లేదు" అని కార్యదర్శి చేత రాయించుకోండి. రాయనంటే మీరే రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి.
- కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైట్ పరివేష్‌లో ప్రాజెక్టు పేరుతో వెతికి దరఖాస్తు ఫారం, టీఓఆర్ లేఖ దించుకోండి. ఏమేం అధ్యయనం చేయాలో చెప్పేది టీఓఆరే.

తెలుగులో దొరికేది సారాంశం మాత్రమే. అసలు లెక్కలన్నీ ఇంగ్లిషు పూర్తి నివేదికలో, దాని అనుబంధాల్లో ఉంటాయి. ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు నలుగురికి అధ్యాయాలు పంచితే వారంలో పని అయిపోతుంది.

3. నివేదికను ఏ వరుసలో చదవాలి

పన్నెండు అధ్యాయాలుంటాయి. మొదటి పేజీ నుంచి చదివితే మూడోనాటికి వదిలేస్తారు. ముందు 2 (ప్రాజెక్టు వివరం), తర్వాత 3 (ప్రస్తుత పరిస్థితి), 4 (రాబోయే ప్రభావాలు), ఆపై 6 (పర్యవేక్షణ), 10 (నిర్వహణ ప్రణాళిక). లాభాల గురించి చెప్పే ఎనిమిదో అధ్యాయం చివరికి పెట్టుకోండి. ఊరికి ఉద్యోగాలెన్నో చూడటానికి తప్ప దానితో పని తక్కువ.

పటం. అధ్యయనం లీజు చుట్టూ 10 కిలోమీటర్ల మేర జరగాలి. ఆ పటం మీద మీ ఇళ్లు, తండా, అంగన్‌వాడీ, బడి, గుడి, చేదబావులు, బోర్లు, కుంట, వాగు, చెరువు అలుగు, పశువులు గుట్టకు పోయే బాట పెన్సిలుతో గుర్తు పెట్టండి. "సమీప నివాసం 1.2 కిలోమీటర్లు" అని రాసి ఉంటే అది రెవెన్యూ గ్రామం నడిబొడ్డుకు కొలిచినదేమో చూడండి. కొత్త కాలనీ 350 మీటర్లలోనే ఉండవచ్చు. నివేదికల్లో ఎక్కువగా దొరికే తప్పు ఇదే, నిరూపించడానికీ ఇదే తేలిక.

గాలి. వర్షాకాలం కాకుండా ఒక సీజన్, అంటే మూడు నెలలు, కొలిచి ఉండాలి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 24 గంటలు. అంటే ఒక్కో కేంద్రానికి 24కు తగ్గకుండా రీడింగులు రావాలి. జాతీయ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు పీఎం10 (గాలిలో తేలే సన్న దుమ్ము) ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నదైన పీఎం2.5 అయితే 60 దాటకూడదు. చూడాల్సినవి:

- కొలతల తేదీలు మూడేళ్ల కంటే పాతవా?
- అన్ని కేంద్రాల్లోనూ అంకెలు రెండు మూడు మైక్రోగ్రాముల తేడాలోనే తిరుగుతున్నాయా? అలా ఉంటే ల్యాబ్ ముడి పట్టికలు అడగండి. మట్టిరోడ్డు పక్క ఊరిలో, మూడు నెలల పాటు, దుమ్ము అంత నిలకడగా ఉండదు.
- కేంద్రాల్లో ఒకటైనా మీ ఊళ్లో ఉందా? ఎవరి ఇంటిమీద పెట్టారు? ఆ ఇంటివాళ్లు చూశారా?

గాలి దిక్కు దగ్గర చాలామంది ఒక విషయం వదిలేస్తారు. మన దగ్గర చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి వీస్తుంది. నైరుతి కాలంలో తిరగబడుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కొలిచి ఆ గాలితోనే దుమ్ము అంచనా వేస్తే క్వారీకి నైరుతిన ఉన్న ఊళ్లే పటంలో ఎర్రబడతాయి. ఈశాన్యాన ఉన్న ఊరు శుభ్రంగా కనిపిస్తుంది. మీది ఈశాన్యం వైపు ఊరైతే నైరుతి గాలికీ అంచనా వేయాలని రాతపూర్వకంగా అడగండి.

నీళ్లు. గుంత చివరికి ఎంత లోతు వెళ్తుంది, అక్కడ భూగర్భజలం ఎంత లోతులో ఉంది? ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. గుంత అడుగు నీటిమట్టం కిందికి పోతే నీళ్లు తోడక తప్పదు. తోడితే చుట్టుపక్కల బావుల సంగతేమిటో నాలుగో అధ్యాయంలో ఉండాలి. గుట్ట మీద పడిన వాన మీ కుంటకు ఏ దారిన వస్తుందో, లీజు ఆ దారిని కోస్తుందో కూడా చూడండి. పటంలో ఫీడర్ కాలువ లేకపోతే గొలుసుకట్టులో ఒక చెరువు ఎండిపోతున్నట్టే.

లారీలు. దీన్ని మీరే లెక్కేయవచ్చు. ఉదాహరణకు ఏడాదికి 1,20,000 టన్నులు, 300 పనిదినాలు అనుకుంటే రోజుకు 400 టన్నులు. 20 టన్నుల టిప్పర్లయితే 20 లోడ్లు, రానూపోనూ 40 సార్లు. పది గంటల పనికి పావుగంటకో టిప్పర్. అది బడి ముందు నుంచి పోతుందా? నివేదికలో ట్రిప్పుల సంఖ్య ఇంతకన్నా తక్కువుంటే ఎందుకో అడగండి.

నీళ్లు చల్లడం. "రోడ్డుపై క్రమం తప్పకుండా నీళ్లు చల్లుతాం" అని ప్రతి నివేదికలోనూ ఉంటుంది. కిలోమీటరు పొడవు, 6 మీటర్ల వెడల్పు మట్టిరోడ్డు అంటే 6,000 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు అర లీటరు చొప్పున రోజుకు నాలుగుసార్లు చల్లితే 12,000 లీటర్లు. నీటి అవసరాల పట్టికలో దుమ్ము అణచడానికి రోజుకు 2,000 లీటర్లే చూపిస్తే ఆ హామీ కాగితం దాటదు. మిగతా నీళ్లు ఎక్కడివో, ఎవరి బోరువో కూడా అడగాలి.

బ్లాస్టింగ్. మూడు అంకెలు కావాలి: ఒక్క డిలేకు (ఒకే క్షణంలో పేలే భాగానికి) గరిష్ఠంగా ఎన్ని కేజీల మందు, దగ్గరి ఇంటికి దూరం, అక్కడ అంచనా వేసిన ప్రకంపన. క్వారీ యజమానివి కాని ఇళ్లకు గనుల భద్రతా డైరెక్టరేట్ పెట్టిన పరిమితి, ప్రకంపన పౌనఃపున్యం 8 హెర్ట్జ్ లోపుంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 10, అంతకు మించితే 15. "పరిమితుల్లోనే ఉంటుంది" అన్న వాక్యం ఉండి అంకె లేకపోతే అధ్యయనం జరగలేదని భావించి ప్రశ్నించండి.

జీవజాలం. "షెడ్యూలు 1 జీవులు లేవు" అని రాసి ఉందా? అది వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా, నెమలి అందులోనిదే. గుట్ట మీద నెమళ్లు తిరిగే ఊళ్లు మనకు కొల్లలు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీసిన నాలుగు ఫొటోలు ఆ వాక్యాన్ని కొట్టేస్తాయి. జాబితాలో మీ జిల్లాలో లేని చెట్లో, వేరే నది పేరో కనబడితే అది ఇంకో నివేదిక నుంచి తెచ్చి అతికించినదే. పేజీ నంబరు రాసుకోండి.

4. మీ సొంత కొలతలు: అన్నిటికన్నా ముఖ్యమైన పని

సభ అయిపోతుంది, అనుమతి వస్తుంది లేదా రాదు. వస్తే, క్వారీ 20, 30 ఏళ్లు నడుస్తుంది. అయిదేళ్ల తర్వాత "మా బావులు ఎండిపోయాయి" అంటే "అవి ముందు నుంచీ అంతే" అంటారు. ముందెలా ఉండేదో మీ దగ్గర కాగితం లేకపోతే ఆ వాదన అక్కడితో ఆగుతుంది. అందుకే మొదటి పేలుడుకు ముందే ఇవి పూర్తి చేయాలి.

బావులు. క్వారీకి అన్ని దిక్కులా కలిపి 8 నుంచి 10 బావులు ఎంచుకోండి. ఒర మీద ఒకచోట పెయింటుతో గీత పెట్టి, ఎప్పుడు కొలిచినా ఆ గీత నుంచే కొలవండి. తెల్లవారుజామున, మోటార్లు వేయకముందు కొలవాలి. లేకపోతే వచ్చేది నీటిమట్టం కాదు, ఎవరు ఎంతసేపు మోటారు వేశారన్న లెక్క. ఏటా మే చివర, నవంబరులో తప్పనిసరి, కుదిరితే జనవరి, ఆగస్టుల్లో కూడా. నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో, దానితోపాటు ఆ నెల వాన ఎంతో రాయండి. కరువుకూ క్వారీకీ తేడా తేల్చేది అదే.

నీటి నాణ్యత. రెండు మూడు బావుల నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే వనరు లేకపోతే 2,000 దాకా. ఫ్లోరైడ్ 1.0, గరిష్ఠంగా 1.5. నైట్రేట్ 45. ఫ్లోరైడ్ ముందే ఉన్న ప్రాంతమైతే ఈ కాగితం రెండు వైపులా పనికొస్తుంది: క్వారీ మీద లేని నింద పడదు, ఉన్నది దాగదు.

ఇళ్ల పగుళ్లు. గుట్టకు దగ్గరగా ఉన్న ప్రతి ఇంటి గోడలు లోపలా బయటా ఫొటో తీయండి. పక్కన స్కేలు, ఆ రోజు పత్రిక పెట్టండి. పాత పగుళ్లను దాచొద్దు. వాటికి అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేసి తేదీ రాయండి. పగులు కదిలితే పట్టీ విరుగుతుంది. పాత పగుళ్లు దాచిపెట్టి తర్వాత అన్నీ కొత్తవే అంటే ఒక్క ఫొటోతో మొత్తం కేసు పోతుంది.

ఈ వివరాలన్నీ ఒక రిజిస్టరులో రాసి పంచాయతీ తీర్మానంలో "ఫలానా పేజీల రిజిస్టరు సభ ముందు ఉంచాం" అని నమోదు చేయించండి. ఒక కాపీ కలెక్టర్‌కు, ఒకటి మండలి ప్రాంతీయ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపితే తేదీని ఎవరూ కాదనలేరు.

5. అభ్యంతరం ఎలా రాయాలి

ఒక్కో విషయానికి అయిదు వరుసలు చాలు:

- పేజీ: 61, పట్టిక 3.4.
- అందులో ఉన్నది: సమీప నీటి వనరు 1.8 కిలోమీటర్లు.
- ఇక్కడ ఉన్నది: ఊరి కుంట లీజు హద్దు నుంచి 280 మీటర్లు.
- ఆధారం: గూగుల్ ఎర్త్ చిత్రం, గ్రామ నక్షా నకలు, ఫొటోలు.
- కోరేది: కుంటకు వచ్చే నీటి దారిపై ప్రభావం మళ్లీ అంచనా వేసి తుది నివేదికలో చేర్చాలి.

అందరూ ఒకే జిరాక్సు మీద సంతకాలు పెడితే కమిటీకి అది ఒకే అభ్యంతరం. బావి ఉన్నవాళ్లు బావి గురించి, రోడ్డు పక్కవాళ్లు టిప్పర్ల గురించి, గొర్రెలకాపరులు మేత గురించి వేర్వేరుగా రాయాలి. సభకు రాలేనివాళ్లు ముందే రాతపూర్వకంగా పంపవచ్చు. దానికీ విలువ అంతే.

6. సభ రోజు

కలెక్టర్ లేదా అదనపు జిల్లా మెజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహించాలి. సభ మొత్తం వీడియో తీయాలి. హాజరుకు కనీస సంఖ్య లేదు. కాబట్టి బహిష్కరిస్తే సభ ఆగదు, మీ మాటలు లేకుండా పూర్తవుతుంది. పదిమంది వచ్చినా మినిట్స్ (సభలో జరిగినదాని నమోదు) తయారవుతాయి.

- హాజరుపట్టీలో ఊరి పేరుతో సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టొద్దు.
- అభ్యంతరాలు రెండు ప్రతులు: ఒకటి ఇవ్వడానికి, ఒకటి ముద్ర వేయించుకోవడానికి.
- మీ ఫోన్‌లోనూ రికార్డు చేసుకోండి.
- మాట్లాడేవాళ్లు మూడు నిమిషాల్లో ముగించాలి: పేరు, ఊరు, పేజీ, విషయం, కోరిక.
- చివరిదాకా ఉండండి. సభ ముగింపులో లేవనెత్తిన అంశాలన్నీ తెలుగులో చదివి వినిపించి అదే రోజు సంతకం చేయాలి. భోజనాల వేళకు ఊరంతా వెళ్లిపోతే చదివినప్పుడు సరిచేసేవాళ్లు ఉండరు.

హామీలను అంకెలుగా మార్చండి. సభలో కంపెనీ ఒప్పుకున్నవి నిర్వహణ ప్రణాళికలో భాగమై అనుమతి షరతుల్లోకి రావాలని 2020 సెప్టెంబరు 30 నాటి కేంద్ర పర్యావరణ శాఖ మెమో చెబుతోంది. "ఊరిని అభివృద్ధి చేస్తాం" షరతు కాలేదు. "బడి గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా 900 మీటర్లు సీసీ రోడ్డు, మొదటి ఏడాదిలో, ఇంత ఖర్చుతో" అయితే అవుతుంది. మైకులో వాళ్ల చేత ఆ అంకె చెప్పించండి.

7. సభ నుంచి అనుమతి దాకా

సభ మినిట్స్ ఎనిమిది రోజుల్లో పైకి పంపాలి. పంచాయతీలో, కలెక్టరేట్‌లో ప్రదర్శించాలి. మీ మాట తప్పుగా రాశారనుకుంటే మీ వీడియోతో అనుమతిచ్చే రాష్ట్ర పర్యావరణ ప్రభావ అంచనా సంస్థకు వెంటనే రాయండి. నిపుణుల కమిటీ ఎజెండా పరివేష్‌లో వస్తుంది, వారానికోసారి చూస్తుండాలి.

అనుమతి వచ్చాక గడియారం మొదలవుతుంది. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా ఆలస్యాన్ని మన్నించవచ్చు. 90 దాటితే తలుపు మూసుకున్నట్టే. మన రెండు రాష్ట్రాలకూ దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది. అనుమతి విషయం మీకు ఎలా, ఏ తేదీన తెలిసిందో ఆధారం ఉంచుకోండి.

8. అనుమతి తర్వాత: అసలు కాలం ఇదే

అనుమతి లేఖ చివర షరతులుంటాయి. వాటిని తెలుగులో రాసి పంచాయతీ గోడ మీద అంటించండి. ఏటా జూన్ 1న, డిసెంబరు 1న కంపెనీ షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. వచ్చిందా, అందులో ఏముంది అని ఆరు నెలలకోసారి అడిగే ఊరికి, అడగని ఊరికి చాలా తేడా ఉంటుంది. వెబ్‌సైట్‌లో లేకపోతే మండలి కార్యాలయానికి పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

ఊరి క్యాలెండర్ ఇలా పెట్టుకోవచ్చు:

- మే: బావుల కొలత. పచ్చదనం కింద నాటిన మొక్కల్లో బతికున్నవి లెక్క. నాటినవెన్ని అన్నది కాదు, వేసవి దాటినవెన్ని అన్నదే లెక్క. లీజు హద్దు వెంట తవ్వకుండా వదలాల్సిన 7.5 మీటర్ల పట్టీ మిగిలే ఉందా?
- జూన్ మొదటివారం: గుంత చుట్టూ కాలువ, పూడిక గుంట శుభ్రం చేశారా? వానలు పడ్డాక చూస్తే రాయిపొడి కుంటలో ఉంటుంది.
- నవంబరు: బావుల కొలత, పగుళ్ల పట్టీలు.
- డిసెంబరు: కంపెనీ అంకెలు, మీ అంకెలు పక్కపక్కన.

ఫిర్యాదు రాసేటప్పుడు "దుమ్ము ఎక్కువ" అనొద్దు. షరతు సంఖ్య, ఉల్లంఘన, తేదీ, సమయం, ఫొటో రాయండి. నకళ్లు మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి, గనుల శాఖ ఏడీకి (అసిస్టెంట్ డైరెక్టర్), కలెక్టర్‌కు పంపండి. బ్లాస్టింగ్ సంగతైతే గనుల భద్రతా డైరెక్టరేట్‌కు కూడా. ట్రైబ్యునల్‌లో పర్యావరణ వివాదం వేయడానికి కారణం మొదలైన రోజు నుంచి ఆరు నెలలే గడువు. "ఇంకో వేసవి చూద్దాం" అంటే అది దాటిపోతుంది. నష్టపరిహారానికి మాత్రం అయిదేళ్లుంది.

క్వారీలో పనిచేసేది మన ఊరివాళ్లే అయితే ఛాతీ ఎక్స్‌రేల సంగతి అడగండి. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది, సిలికోసిస్ వచ్చాక తగ్గదు. పొడి డ్రిల్లింగ్ చేస్తున్నారా, నీళ్లతో చేస్తున్నారా అన్నది గేటు దగ్గర నిలబడితేనే తెలుస్తుంది: డ్రిల్లు దగ్గర తెల్లటి పొగ లేస్తే అది పొడి డ్రిల్లింగే.

9. గుంత మిగిలినప్పుడు

మూసివేత ప్రణాళికను మొదటి రోజే చదవాలి. ఆ గుంత నీళ్లు నిల్వ చేయడానికా, పూడ్చడానికా? చుట్టూ కంచె ఎంత ఎత్తు, ఎన్నేళ్లు ఎవరు కాపాడతారు? దిగడానికి మెట్లలా బెంచీలు వదులుతారా, నిలువు గోడే మిగులుతుందా? నిలువు గోడ ఉన్న నీటిగుంతలో పడిన పిల్లలకు, పశువులకు పైకి వచ్చే దారి ఉండదు. దీనికి కేటాయించిన సొమ్ము పదో అధ్యాయం బడ్జెట్ పట్టికలో విడిగా కనబడాలి. లేకపోతే సభలోనే అడిగి మినిట్స్‌లోకి ఎక్కించండి. రాయి అయిపోయాక అడగడానికి అక్కడ కంపెనీ బోర్డు కూడా ఉండదు.